పట్టాకు సాక్ష్యం

ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఉద్యోగం చేసినవాళ్లం ఓడీని చూసి డిగ్రీ ఉందని ఒప్పుకోం. ఓడీ అంటే ఒరిజినల్ డిగ్రీ. స్నాతకోత్సవం నాడు గౌను వేసుకుని అందుకునే పట్టా. ఇళ్లల్లో ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేది అదే. మాకు మాత్రం డిగ్రీ ఉండేది టీఆర్‌లో. ట్యాబ్యులేషన్ రిజిస్టరు అనే ఆ పుస్తకం రెండు చేతులా పట్టుకుంటే గాని బీరువాలోంచి రాదు. పేజీకి అడ్డంగా హాల్‌టికెట్ నంబరు, పేరు, తండ్రి పేరు, పేపర్ల వారీగా మార్కులు, మొత్తం, క్లాసు. అడుగున మార్కులు వేసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం. అంకె ఎక్కడైనా కొట్టేసి రాస్తే పక్కనే ఎర్ర సిరాతో పొట్టి సంతకం, తేదీ పడాలి.

నేను కోస్తా జిల్లాల్లోని ఒక యూనివర్సిటీలో గుమాస్తాగా చేరి, అదే బ్రాంచిలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మధ్యలో చాలాకాలం నాది వెరిఫికేషన్ సీటు. దుబాయి నుంచో, హైదరాబాదు కంపెనీ నుంచో, పోలీసు స్టేషను నుంచో ఉత్తరం వస్తుంది. ఫలానా వ్యక్తి మీ దగ్గర బీకాం పాసయ్యాడా, ఈ సర్టిఫికెట్ నిజమైనదేనా అని. ఉత్తరానికి ఒక జెరాక్సు, ఫీజు డీడీ పిన్ను చేసి ఉంటాయి. నేను జెరాక్సు వైపు ఎక్కువసేపు చూసేవాణ్ణి కాదు. చేయి తిరిగినవాడు చేసిన నకిలీలో కాగితం, ముద్ర, సంతకం, హోలోగ్రామ్ అన్నీ సరిగ్గానే ఉంటాయి. సంవత్సరం, నంబరు చూసుకుని టీఆర్ తీస్తే, ఆ నంబరు ఇంకేదో కాలేజీలో చదివిన ఒక అమ్మాయిదని తేలేది. అక్కడితో విచారణ అయిపోయినట్టే. ‘మా రికార్డులతో సరిపోలలేదు’ అని ఒక వాక్యం రాసి పంపేవాళ్లం.

మరి రికార్డే మారిపోతే?

అలాంటిది ఒకటి నా కళ్లముందే జరిగింది. 1990ల్లో మాట. ఒక అభ్యర్థి సర్టిఫికెట్ పరిశీలనకు వచ్చింది. టీఆర్ తీశాం. పేరుంది, మార్కులున్నాయి, సెకండ్ క్లాసు ఉంది, రెండు సంతకాలూ ఉన్నాయి. అన్నీ సరిపోయాయి. సంతకం పెట్టబోతూ మా సెక్షన్ ఆఫీసరు గారు ఆ పేజీని వేళ్లతో తడిమి చూశారు. ‘బాబూ, ఈ గీతలు చూడవయ్యా’ అన్నారు. మిగతా పేజీల్లో అచ్చు గీతలు లేత నీలం, ఈ ఒక్క పేజీలో ముదురు నీలం. కుట్టు దగ్గర దారం రంధ్రాలు కూడా రెండు జతలు కనిపించాయి. ఎవరో లోపలివాళ్లే పాత పేజీ తీసేసి కొత్త పేజీ పెట్టి కుట్టించారు. అనుమానం వచ్చింది గాని రుజువు కావాలి కదా. ఆ రోజుల్లో ఫలితాలు వచ్చిన మర్నాడు పాసైనవాళ్ల నంబర్లు వార్తాపత్రికల్లో వేసేవారు. గ్రంథాలయం నుంచి ఆ ఏడాది పాత పత్రిక సంపుటం తెప్పించి చూస్తే, ఆ నంబరు పాసైనవాళ్లలో లేదు. ఊరూరా పంచిపెట్టిన పత్రికలో అచ్చయిన అంకెను బీరువా తాళం చేతిలో ఉన్నవాడు కూడా మార్చలేడు. మా రిజిస్టరుకు సాక్షి మా ఆఫీసు బయట ఉంది కాబట్టే ఆ మోసం బయటపడింది.

యూనివర్సిటీలు బ్లాక్‌చెయిన్‌లో పట్టాలు ఇస్తున్నాయన్న వార్త మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పేజీయే. బిట్‌కాయిన్ ధర ఎంత పెరిగింది, ఎంత పడింది అన్న లెక్కల్లో నాకు ఆసక్తి లేదు. రిజిస్టరుకు బయటి సాక్షిని ఎలా కూర్చారన్నదే నాకు కావలసింది. ఆ చరిత్ర వెతుక్కుంటూ వెళితే అది ఏ బ్యాంకు దగ్గరా మొదలవలేదు, విశ్వవిద్యాలయాల్లోనే మొదలైంది.

పట్టాకు బలం ముద్రలో ఉందని యూరప్ చాలాకాలం నమ్మింది. 1225లో పారిస్ మాస్టర్లు తమకంటూ సొంతంగా చేయించుకున్న ముద్రను పోపు దూత విరగ్గొట్టించాడు. దానికి పట్టణంలో అల్లరి చెలరేగి ఆయన బస మీదే దాడి జరిగింది. సొంత ముద్ర పెట్టుకునే హక్కు వాళ్లకు మళ్లీ 1246లో గాని రాలేదు. మన వైపు ఆ ముద్ర, ఆ గౌను, ఆ రిజిస్టరు అన్నీ 1857లో మద్రాసు యూనివర్సిటీతో వచ్చాయి. అక్కడ మొట్టమొదట బీఏ పట్టా అందుకున్న ఇద్దరూ శ్రీలంకలోని జాఫ్నా (యాఴ్పాణం) నుంచి వచ్చిన తమిళులు, 1858లో. కోస్తా, రాయలసీమ తెలుగువాళ్లు డిగ్రీ కోసం దశాబ్దాలపాటు ఆ మద్రాసు రిజిస్టరులోనే పేరు ఎక్కించుకోవాల్సి వచ్చింది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా, 1926లో బెజవాడలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చాక మన రిజిస్టర్లు మన దగ్గర మొదలయ్యాయి. ఆంధ్ర 1930లో వాల్తేరు చేరింది. ఊర్లు మారినా, పాలకులు మారినా పద్ధతి మాత్రం ఒక్కటే. ఆఫీసు రాస్తుంది, ఆఫీసే దాస్తుంది, అడిగితే ఆఫీసే సాక్ష్యం చెబుతుంది.

ఈ పద్ధతిని కదిలించిన ఆలోచనల్లో ఒకటి 1974లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక విద్యార్థి క్లాసు ప్రాజెక్టుగా రాసిచ్చిన ప్రతిపాదనతో ముడిపడి ఉంది. ఆ విద్యార్థి రాల్ఫ్ మెర్కిల్. ముందుగా పరిచయం లేని ఇద్దరు, అందరూ వింటున్న తీగ మీద మాట్లాడుకుంటూనే రహస్యం ఎలా పంచుకోవచ్చన్నది ఆ ప్రతిపాదన. ప్రొఫెసరుకు అది అర్థం కాలేదు. దానితోపాటు ఇచ్చిన రెండో ప్రతిపాదనే నయమన్నారు. మెర్కిల్ ఆ కోర్సునే వదిలేసి ఆలోచనను మాత్రం పట్టుకున్నాడు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో 1979లో ఇచ్చిన సిద్ధాంత గ్రంథంలో ఆయన చూపిన మరో పద్ధతిని ఇవాళ మెర్కిల్ ట్రీ అంటున్నారు. వేల పత్రాలకు కలిపి ఒకే ఒక్క గుర్తు తయారు చేసి, ఏ పత్రమైనా అందులో ఉందో లేదో క్షణంలో తేల్చే పద్ధతి అది. ఒక ఏడాది టీఆర్ మొత్తానికి ఒకే గుర్తు చాలన్నమాట. బర్క్‌లీలోనే 1982లో డేవిడ్ చామ్ అనే మరో విద్యార్థి పీహెచ్‌డీ తీసుకున్నాడు. ఒకరినొకరు అనుమానించుకునే గుంపులు కలిసి నెలకొల్పి, నడిపి, నమ్మగలిగే కంప్యూటర్ వ్యవస్థలు అన్నదే ఆ గ్రంథం విషయం. మా బ్రాంచిలో రెండేసి సంతకాలు, మూడేసి తాళాలు పెట్టింది కూడా ఒకరి మీద ఒకరికి నమ్మకం చాలకే. అందుకని ఆ విషయం వినగానే నాకు దగ్గరిదనిపించింది.

నా మనసు నిలిచిపోయింది మాత్రం ఇంకో ఇద్దరి దగ్గర. స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా. న్యూజెర్సీలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో ఉండేవారు. అప్పట్లో అమెరికాలో ఒక జీవశాస్త్ర ప్రయోగశాల నోటుపుస్తకాల్లో రాతలు తర్వాత మార్చారని పెద్ద వివాదం నడిచింది. ఆ ఆరోపణ చివరికి నిలబడలేదు గాని, వీళ్లకు ప్రశ్న మాత్రం మిగిలింది. కాగితం మీద దిద్దితే సిరా, గీత, కుట్టు ఎక్కడో ఒకచోట పట్టిస్తాయి. కంప్యూటర్లో దిద్దితే ఏం పట్టిస్తుంది? 1991లో వచ్చిన వాళ్ల వ్యాసం దీనికి జవాబు.

ఆ జవాబుకు ఆధారం హ్యాష్. ఏ పత్రాన్ని ఇచ్చినా కంప్యూటరు దానికి ఒక పొడవాటి గుర్తు కట్టి ఇస్తుంది. ఇవాళ ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాల, అంకెల వరుస. పత్రంలో ఒక కామా మార్చినా, 59ని 60 చేసినా గుర్తు పోలికే లేకుండా మారిపోతుంది. గుర్తును బట్టి వెనక్కి వెళ్లి పత్రాన్ని తెలుసుకోవడం కుదరదు. హేబర్, స్టోర్నెట్టా చేసిందేమిటంటే, ప్రతి కొత్త పత్రం గుర్తులో అంతకు ముందు పత్రాల గుర్తును కూడా కలిపేశారు. మా క్యాష్ పుస్తకంలో కిందటి పేజీ మొత్తాన్ని కొత్త పేజీ మొదట్లో వేసి లెక్క కొనసాగించినట్టే ఇదీను. నడిమి పేజీలో ఒక్క అంకె మార్చాలంటే అక్కణ్ణుంచి చివరిదాకా అన్ని పేజీలూ మార్చాలి.

సరే, పుస్తకం మొత్తం దగ్గర పెట్టుకున్నవాడు మొత్తాన్నీ తిరగరాస్తే? ఇక్కడే వాళ్లు నా లాంటివాడు లేచి నమస్కారం పెట్టాల్సిన పని చేశారు. 1994లో ష్యూరిటీ అనే కంపెనీ పెట్టారు. ఖాతాదారుల పత్రాలన్నిటి గుర్తులనూ కలిపి వారానికి ఒక గుర్తు తీసి, 1995 నుంచి దాన్ని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించారు. పోయినవి, దొరికినవి అనే ప్రకటనల శీర్షిక కింద రెండు మూడు పంక్తుల అక్షరాలు, అంకెలు. చదివేవాళ్లకు అర్థం కాదు, కానవసరం కూడా లేదు. అది లక్షల ఇళ్లలో, గ్రంథాలయాల్లో ఉంది. కంపెనీ యజమానులు కూడా ఇక పాత పత్రాన్ని మార్చలేరు. మా సెక్షన్ ఆఫీసరు గారు పాత పత్రిక సంపుటంలో వెతికిన సాక్ష్యం ఇదే.

2008 అక్టోబర్ 31న సతోషి నకమోతో అన్న పేరుతో బిట్‌కాయిన్ పత్రం వచ్చింది. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ లోకానికి తెలియదు. అందులో ఆధారాలుగా చూపినవి ఎనిమిదే ఎనిమిది. వాటిలో మూడు హేబర్, స్టోర్నెట్టాలవి, ఒకటి మెర్కిల్‌ది. 2009 జనవరి 3న లావాదేవీల మొదటి కట్ట, అంటే మొదటి బ్లాకు, పుట్టింది. ప్రతి కొత్త బ్లాకులో ముందుదాని గుర్తు కలుపుతూ పోయే ఈ గొలుసే బ్లాక్‌చెయిన్. పత్రిక చేసిన పనిని ఇక్కడ వేల కంప్యూటర్లు చేస్తాయి. రిజిస్టరు ప్రతి అందరి దగ్గరా ఉంటుంది, ఏ ఒక్కరి దగ్గరో మాత్రమే ఉండదు.

ఈ రిజిస్టరు విశ్వవిద్యాలయంలోకి తొలిసారి డబ్బు రూపంలో వచ్చింది. వచ్చిన చోటు సైప్రస్, మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపం. 2013 మార్చిలో అక్కడి బ్యాంకులు కూలే స్థితికి వచ్చాయి. మార్చి 16న, శనివారం, జనం నిద్ర లేచేసరికి డిపాజిట్ల మీద కోత పెడుతున్నామని ప్రకటన. లక్ష యూరోల లోపు ఉన్నవాళ్లకు 6.75 శాతం, ఆపైన 9.9 శాతం. పార్లమెంటు దాన్ని తిరస్కరించింది. బ్యాంకులు మాత్రం మార్చి 28 దాకా తెరవలేదు. తెరిచాక రోజుకు 300 యూరోలకు మించి ఇవ్వలేదు. ఆఖరికి చిన్న డిపాజిట్లు బయటపడ్డాయి గాని లైకీ బ్యాంకు మూతపడింది. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలు దాటిన సొమ్ములో 47.5 శాతాన్ని బ్యాంకు షేర్లుగా మార్చేశారు. చిట్టీ కంపెనీ ఎత్తేసిన రోజున షట్టరు ముందు నిలబడ్డ మనుషుల్ని చూసినవాళ్లకు ఆ వారం రాజధాని నికోసియా వీధులు ఎలా ఉండి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. పాస్‌బుక్‌లో అంకె ఉంది, ఆ అంకె తమది కాదని తేలింది. బ్యాంకుల అదుపులో లేని నాణెం అంటూ బిట్‌కాయిన్ పేరు ఆ వారాల్లోనే లోకమంతా మోగింది. ఏప్రిల్‌లో దాని ధర 200 డాలర్లు దాటింది.

అదే ఊళ్లోని యూనివర్సిటీ ఆఫ్ నికోసియా 2013 నవంబరులో, ఫీజు బిట్‌కాయిన్లలో కూడా కట్టవచ్చని ప్రకటించింది. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల్లో ఇలా ప్రకటించిన మొదటిది అదే. వెంటనే డిజిటల్ కరెన్సీలో ఎంఎస్సీ కోర్సు పెట్టింది. దాని మొదటి పాఠాన్ని ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్లో చదువుకోవచ్చంది. ఆ పాఠం చెప్పినవాళ్లు ఆండ్రియాస్ ఆంటనోపౌలోస్, ఆంటోనిస్ పొలెమీటిస్. 2014 జనవరిలో ఇంగ్లండ్‌లోని కంబ్రియా యూనివర్సిటీ, అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లోని కింగ్స్ కాలేజీ కూడా బిట్‌కాయిన్ తీసుకుంటామన్నాయి. పత్రికలన్నీ ఫీజు గురించే రాశాయి.

నా దృష్టిలో నికోసియా చేసిన పెద్ద పని ఫీజు తీసుకోవడం కాదు. ఉచిత పాఠం పూర్తిచేసినవాళ్లకు సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లు ప్రపంచమంతా చెదిరి ఉన్నారు. రేపు ఎవరైనా ఉత్తరం రాసి అడిగితే జవాబు చెప్పేదెవరు? 2014 సెప్టెంబరులో వాళ్లు ఇలా చేశారు. ప్రతి సర్టిఫికెట్ పీడీఎఫ్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తు తీశారు. గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి ఒక పట్టిక తయారు చేశారు. ఆ పట్టికకు మళ్లీ ఒక గుర్తు తీసి, దాన్ని బిట్‌కాయిన్ లావాదేవీ ఒకదానిలో పెట్టి పంపారు. పట్టికను అందరికీ కనిపించేలా వెబ్‌సైటులో ఉంచారు. అందులో పేర్లు లేవు, మార్కులు లేవు. సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాడు తన పీడీఎఫ్ గుర్తు పట్టికలో ఉందో లేదో చూసుకోవచ్చు. పట్టిక ఆ తేదీ నుంచి మారలేదని బిట్‌కాయిన్ గొలుసు సాక్ష్యం చెబుతుంది. యూనివర్సిటీ మూతపడినా, వెరిఫికేషన్ సీటులో మనిషి లేకపోయినా సాక్ష్యం ఉంటుంది. ఆ పద్ధతి చదివిన రోజున, నంబర్ల పేజీ అచ్చయిన పాత పత్రికను మళ్లీ చేతిలో పట్టుకున్నంత సంతోషం కలిగింది నాకు.

నాణెం సంగతి ఏమైందో కూడా చెప్పాలి. దాన్ని విద్యార్థుల చేతుల్లో పెట్టి చూసిన ప్రయోగం ఒకటి జరిగింది, అమెరికాలోని ఎంఐటీలో. జెరెమీ రూబిన్, డాన్ ఎలిట్జర్ అనే ఇద్దరు విద్యార్థులు విరాళాలు పోగుచేసి, 2014లో డిగ్రీ విద్యార్థులు ప్రతి ఒక్కరికీ వంద డాలర్ల బిట్‌కాయిన్ ఇస్తామన్నారు. మొత్తం 4,494 మందికి గాను 3,108 మంది తీసుకున్నారు. అప్పటి ధరకు వంద డాలర్లంటే బిట్‌కాయిన్‌లో మూడోవంతు కంటే కాస్త తక్కువ. ఎంఐటీ ఆచార్యులు క్రిస్టియన్ కటలీని, కేథరిన్ టక్కర్ దీన్నే పరిశోధనగా మార్చారు. కొందరికి వెంటనే, కొందరికి రెండు వారాలు ఆలస్యంగా నాణెం అందేలా చీటీల పద్ధతిలో ఏర్పాటు చేశారు. కొత్త సాంకేతికత కోసం అందరికంటే ముందు ఎగబడే పిల్లలు ఉంటారు కదా, వాళ్లనే ఆలస్యం చేస్తే ఏమవుతుంది? వాళ్లు నాణేన్ని అమ్మేసుకుని డాలర్లు చేసుకున్నారు. వాళ్లను చూసి వాళ్ల హాస్టల్ నేస్తాలు కూడా అమ్మేశారు. ఆ అధ్యయనం 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. 2021లో బిట్‌కాయిన్ ధర 60,000 డాలర్లు దాటినప్పుడు, దాచుకున్నవాడి వంద డాలర్లు సుమారు 18,000 అయ్యాయి. ఆ అంకె చూసి మనవాళ్లు ఎంతోమంది గుండెలు బాదుకున్నారు. నాకు అందులో నేర్చుకోవలసిన చదువేమీ కనిపించలేదు. ఒక నెలలో సగానికి పడిపోయి, మరో నెలలో రెట్టింపయ్యేదానితో ఒక రైతు తన కొడుకు ఫీజు ఎలా కట్టగలడు? కాలేజీ తన లెక్చరర్లకు జీతం ఎలా ఇవ్వగలదు? ఫీజు నాణెంగా అది విశ్వవిద్యాలయాల్లో పెద్దగా వేళ్లూనలేదంటే ఆశ్చర్యం లేదు.

మన దేశంలో ఆ దారి మొదటినుంచీ ఇరుకే. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారులకు బ్యాంకులు సేవలు అందించకూడదని సర్క్యులర్ ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో లాభాల మీద 30 శాతం పన్ను, ఆపైన లావాదేవీ మీద ఒక శాతం టీడీఎస్ వచ్చాయి. ఇంత జరిగినా ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఫీజు డబ్బు తీసుకెళ్లి కాయిన్లలో పెట్టే పిల్లలు ఉన్నారు. వాళ్ల తండ్రులు పంట అమ్మి పంపిన సొమ్ము అది. చదువుకు, ఆ జూదానికి సంబంధం లేదని ప్రిన్సిపాళ్లు, లెక్చరర్లు పిల్లలకు ఎదురుగా కూర్చుని చెప్పాలి.

రిజిస్టరు మాత్రం ముందుకు నడిచింది. ఎంఐటీ మీడియా ల్యాబ్, లర్నింగ్ మెషీన్ అనే కంపెనీ కలిసి 2016లో బ్లాక్‌సర్ట్స్ అనే పద్ధతిని తయారు చేసి, ఎవరైనా వాడుకోవచ్చని బయటపెట్టాయి. 2017 వేసవిలో ఎంఐటీ 111 మంది పట్టభద్రులకు మామూలు పట్టాతోపాటు ఫోనులో ఉంచుకునే పట్టా కూడా ఇచ్చింది. సింగపూర్ 2019 నుంచి తన విద్యాసంస్థల పట్టాలను ఓపెన్‌సర్ట్స్ పేరుతో ఎథీరియం అనే మరో గొలుసు మీద నమోదు చేయడం మొదలుపెట్టింది. మన దగ్గర 2021 డిసెంబరు 28న ఐఐటీ కాన్పూర్ 54వ స్నాతకోత్సవంలో, అక్కడి పరిశోధకులే రూపొందించిన పద్ధతిలో బ్లాక్‌చెయిన్ పట్టాలను ప్రధానమంత్రి ప్రారంభించారు. తెలుగు నేలకూ ఇందులో భాగముంది. 2018లో రిపుల్ కంపెనీ బ్లాక్‌చెయిన్ పరిశోధనకు 17 విశ్వవిద్యాలయాలకు 5 కోట్ల డాలర్ల సాయం ప్రకటించినప్పుడు, ఆ జాబితాలో ఐఐటీ బొంబాయితోపాటు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఉంది, నికోసియా కూడా ఉంది. బ్లాక్‌చెయిన్ కాకపోయినా, 2017లో మొదలైన నేషనల్ అకడమిక్ డిపాజిటరీ, అది చేరిన డిజీలాకర్, 2022లో తెలంగాణ ఉన్నత విద్యామండలి తెచ్చిన ఆన్‌లైన్ పరిశీలన సేవ, ఇవన్నీ ఉత్తరం, డీడీ, జెరాక్సుల కాలాన్ని చాలావరకు ముగించాయి.

ఆ కాలం ఎంత బరువుగా ఉండేదో అమెరికాకు పిల్లల్ని పంపిన తెలుగు తండ్రులందరికీ తెలుసు. మా కిటికీ దగ్గరకు ఒకాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని వచ్చేవాడు. అలాంటివాళ్లు ఎందరో.

‘అయ్యా, మావాడికి అమెరికాలో చదువంట. మార్కుల కాగితాలు కవర్లో పెట్టి సీలేసి ఇవ్వాలంట.’

‘ఎన్ని కాలేజీలకు పంపాలన్నాడండీ?’

‘ఎనిమిదంట బాబూ.’

ఎనిమిది కవర్లు. ఒక్కో కవర్లో సీఎంఎం, అంటే అన్ని ఏళ్ల మార్కులూ కలిపిన మెమో నకలు, ఏడాది వారీ మెమోల నకళ్లు, వెనుక అటెస్టేషన్. కవరు అతికించిన చోట సగం అంచు మీద, సగం కాగితం మీద పడేలా గుండ్రటి ముద్ర, దాని మీదుగా కంట్రోలర్ గారి సంతకం, ఆ పైన సెలోటేపు. దారిలో టేపు లేచిందంటే ఆ కవరు చెల్లదు, మళ్లీ చలానా, మళ్లీ ప్రయాణం. సంతకం పెట్టాల్సిన అధికారి సెలవులో ఉంటే ఆయన సాయంత్రం బస్సుకు ఉత్తచేతులతో వెళ్లి మర్నాడు మళ్లీ వచ్చేవాడు. తన కొడుకు చదివిన చదువుకు తానే సాక్ష్యం మోసుకుని తిరగవలసి రావడం ఆ మనిషి మీద వేసిన భారం. దాన్ని దించగలిగే ఏ పనిముట్టు వచ్చినా నేను స్వాగతిస్తాను.

అయితే ఆ పనిముట్టు ఎక్కడిదాకా పనిచేస్తుందో బ్రాంచిలో కూర్చున్నవాడిగా చెప్పక తప్పదు. బ్లాక్‌చెయిన్ పేజీ మార్పిడిని పట్టిస్తుంది. పేజీలో మొదట రాసేటప్పుడే అబద్ధం రాస్తే దానికి తెలియదు. డబ్బు తీసుకుని రాయని పరీక్షకు మార్కులు వేస్తే, ఆ మార్కులు గొలుసులోకి ఎక్కి శాశ్వతంగా నిలుస్తాయి. జవాబుపత్రం మీద 34 అంకె 43గా చదివి ఎక్కించిన పొరపాటూ అంతే. మా పద్ధతిలో ఎర్ర సిరా దిద్దుబాటుకు, తేదీకి, సంతకానికి చోటుంది. కొత్త పద్ధతిలో పాత పట్టాను రద్దు చేసి కొత్తది ఇచ్చే ఏర్పాటు విడిగా పెట్టుకోవాలి, బ్లాక్‌సర్ట్స్ వాళ్లు రద్దు జాబితా పెట్టుకున్నారు కూడా. యూనివర్సిటీ పేరున సంతకం చేసే రహస్య తాళం ఎవరి దగ్గర ఉండాలి, ఆయన బదిలీ అయితే ఎవరికి అప్పగించాలి అన్నది మరో ప్రశ్న. వైస్ చాన్సలర్ పదవి నెలల తరబడి ఖాళీగా ఉండే చోట అది చిన్న ప్రశ్న కాదు. బ్లాక్‌చెయిన్ పేరు చెప్పి లక్షల రూపాయల కాంట్రాక్టు రాయించుకుని, ఆ పట్టాలను తన సర్వరులోనే దాచి, ఏటా అద్దె అడిగే కంపెనీలు వస్తాయి. సాక్షిని మళ్లీ ఒక గదిలో పెట్టి తాళం వేసే అలాంటి పద్ధతికి ఒప్పుకోవద్దు.

హేబర్, స్టోర్నెట్టా చూపిన దారికి పెద్ద ఖర్చు లేదు. మన యూనివర్సిటీల కంట్రోలర్లకు, రిజిస్ట్రార్లకు నా విన్నపం ఇది. ఫలితాలు విడుదల చేసిన రోజే ఆ పరీక్ష టీఆర్ మొత్తానికి ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తు తీయించండి. కంప్యూటర్ సెక్షన్ కుర్రాడు నిమిషంలో తీసిస్తాడు. ఆ 64 అక్షరాలను ఒక తెలుగు దినపత్రికలో ప్రకటనగా వేయించండి. కావాలంటే అదే గుర్తును ఒక బహిరంగ గొలుసులో కూడా పెట్టండి. బీరువాల్లో చెదలు పడుతున్న పాత టీఆర్‌లను కూడా ఏడాది వారీగా స్కాన్ చేయించి వాటికీ ఇలాగే చేయండి, 1926 నాటివైనా సరే. పిల్లలు, తల్లిదండ్రులు చేయవలసింది కూడా ఒకటుంది. ఈ ఏడాది పట్టా అందుకోబోతున్నవాళ్లు మీ కాలేజీకి వెళ్లి, మా మార్కులు డిపాజిటరీలో ఎక్కాయా, ఎక్కినవి మా మెమోతో సరిపోయాయా అని అడిగి, తేడా ఉంటే ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి.